విమానాశ్రయం పిట్టల కోసం బోధన్ దాకా

ఉదయం ఆరింటికి కాచిగూడలో బండెక్కాను. వెళ్లేది బోధన్ దగ్గరి ఊరికి, మా రాజక్కను వెనక్కి తీసుకురావడానికి. సోమవారం లోపల రాకపోతే ఆమె కొలువు ఇంకొకరికి పోతుంది.

బావ పోయాక అక్క ఒంటరిదైంది. పట్నంలో మా ఇంటికి తెచ్చుకుని, నేను పనిచేసే విమానాశ్రయంలోనే పిట్టలను తోలే పనికి పెట్టించాను. రన్‌వే పక్క గడ్డిలో డబ్బా వాయిస్తూ కేకలు వేయాలి. జొన్నచేలో మంచె మీద పెరిగిన మనిషి కదా, ఆమె గొంతుకు కొంగలు కూడా లేచిపోయేవి. కానీ మా వైపు చేను కాసినవాళ్లు పొద్దుగూకే వేళ పిట్టల వంతు గింజలు గట్టు మీద చల్లి గానీ ఇంటికి రారు. అక్క ఆ అలవాటు కొద్దీ రన్‌వే చివర జొన్నలు చల్లింది. తెల్లారేసరికి అక్కడ పిట్టల సంత. దిగబోయిన విమానం మళ్లీ పైకి లేచింది. ఆఫీసరు గట్టిగా కసిరాడు. అక్క చెప్పాపెట్టకుండా ఊరికి వెళ్లిపోయింది. చివరికి ఆయనే మెత్తబడి, ఇక గింజ చల్లనని మాట ఇస్తే రమ్మనండి అన్నాడు.

కామారెడ్డిలో ఎక్కిన గాజుల వ్యాపారి సాబ్‌కు ఇదంతా చెప్పాను.

"గంత పెద్ద జహాజుకు గింత పిట్టతోని భయమా భాయ్?" అన్నాడాయన.

ఇంజనులోకి పిట్ట పోతే అందరి ప్రాణాల మీదికి వస్తుందన్నాను. ఆయన నా చేతిలో రెండు ఖర్జూరాలు పెట్టి, "మీ అక్కను మాత్రం కోపం జెయ్యకు" అన్నాడు.

మధ్యాహ్నం నిజామాబాదులో దిగి, చాయ్ తాగి, బోధన్ బస్సు పట్టుకున్నాను. ఈ దారిన వచ్చేవారికి ఒక మాట. చెరకు బండ్ల వెనక చిక్కితే బస్సు నడక కన్నా నెమ్మది, విసుక్కోకండి. చక్కెర కర్మాగారం మడ్డి వాసన ఊరికి ముందే ఎదురొస్తుంది. నాకది పుట్టిన ఊరి వాసన, ముక్కు మూసుకోబుద్ధి కాలేదు.

ఇల్లు చేరగానే అక్క జొన్నరొట్టె, మిరప తొక్కు పెట్టింది. మాట మాత్రం ఇవ్వలేదు.

"తోలుమంటే తోలుత తమ్మీ. కడుపుల కొట్టుమంటే నాతోని గాదు."

"విమానంల మనుషులుంటరక్కా. సంటిపిల్లలుంటరు."

రొట్టె తుంచుతున్న ఆమె చేయి ఆగిపోయింది. దూరం నుంచే విమానాలను చూసిన మనిషి, లోపలివాళ్ల మొహాలు ఆమెకు ఎన్నడూ తలపుకు రాలేదు. "నేనెంత పని జేసిన్రా" అంటూ కొంగుతో కళ్లు తుడుచుకుంది. నాకు ఆమె మీద ప్రేమ పొంగుకొచ్చింది.

"గింజలు పట్నంల మనింటి వాకిట్ల సల్లు. గాడికి విమానాలు రావు, ఎవ్వలేమనరు" అన్నాను.

మర్నాడు పొద్దున్నే అక్క జొన్నల మూట చంకన పెట్టుకుని తలుపుకు తాళం వేసింది.

తిరుగు బండిలో మూట ఒళ్లోంచి దించలేదు. డిచ్‌పల్లి దాటాక మెల్లగా అడిగింది.

"మరి గా పిట్టలకు మనిల్లు ఎట్ల దొర్కుతది తమ్మీ?"

మళ్లీ ఆమే తేల్చేసింది.

"సందెకు నేనే పిలుస్త తియ్. పొద్దంత తిట్టిన గొంతే గద, గుర్తువడ్తయి."

ఎన్నో ఊళ్లు తిరిగాను గానీ, ఇంటికి త్వరగా చేరాలని ఇంతగా అనిపించిన తిరుగు ప్రయాణం నాకు ఇదొక్కటే.