ముల్లు వెనక్కి పెట్టే చెయ్యి

మంగళవారం సాయంత్రం నజీహా ఇల్లు వినేవాళ్ళది. అలెప్పోలో వాళ్ళకి వేరే పేరు లేదు. వినేవాళ్ళు అంటే చాలు, ఎవరో అందరికీ తెలుసు. ఊళ్ళోకి వచ్చిన ఏ గాయకుడైనా ముందు వాళ్ళ ఎదుట కూర్చోవాలి. గాయకుడు లేని వారం రికార్డు ఉంటుంది. రికార్డు ముందు కూడా వాళ్ళు ఊరికే కూర్చోరు. పంక్తి చివర గొంతు సరిగ్గా వాలితే ఆహ్ అంటారు. తొడ చరుస్తారు. కాలు నేలకేసి కొడతారు. ఎవరో ఒకరు "మళ్ళీ" అంటారు. అప్పుడు ఇంటాయన రికార్డు మీది ముల్లు లేపి, ఆ పంక్తి మొదటికి వెనక్కి పెట్టాలి. ఆ చెయ్యి ఇన్నేళ్ళూ అదీబ్‌ది.

అదీబ్ నజీహా భర్త. ఆయన పెద్ద గదిలో వాళ్ళతో ఉండేవాడు. ఆమె తలుపుకి ఇవతల, ఏలకుల కాఫీ దగ్గర ఉండేది. పగలంతా బళ్ళో ఆడపిల్లలకి నదులూ కొండలూ చెప్పి వచ్చి, సాయంత్రం తలుపు సందులోంచి పాట వినేది. లోపల ఎవరూ అనని చోట ఒక్కోసారి ఆమెకి "మళ్ళీ" అనాలనిపించేది. పెదవి కొరుక్కుని చక్కెర కలిపేది. పెళ్ళైనప్పటి నుంచీ అంతే.

ఆ చలికాలంలో ముందు రికార్డులు తిప్పే పాత యంత్రం మోటారు కాలిపోయింది. తరవాత అదీబ్ పోయాడు. శోకదినాలు తీరాక ఆయన తమ్ముడు ఫాతిహ్ వచ్చాడు. ఇంజనీరు, నెమ్మదైన మనిషి. రికార్డులన్నీ తన ఇంటికి చేర్చుకుంటానన్నాడు. ఇకమీదట మంగళవారాలు అక్కడే జరుగుతాయట. వదిన కూడా రావచ్చు, తన భార్యతో ఆడవాళ్ళ గదిలో కూర్చోవచ్చు. తలుపు ఓరగా తీసి ఉంచమని చెప్తాడట.

"తలుపు వెనక కూర్చున్నది చాలు ఫాతిహ్," అంది నజీహా. "మంగళవారం ఇక్కడే. యంత్రం నేను కొంటాను. ముల్లు నేను పెడతాను."

అతను కాఫీ కప్పు కింద పెట్టాడు. మగవాళ్ళ మధ్య ఆమె కూర్చుంటే ఎవరొస్తారన్నాడు. మళ్ళీ తనే మెత్తబడ్డాడు. కొంటే నాసిరకం కొనొద్దనీ, తనే వెంట వచ్చి చూపిస్తాననీ, అసలైన యంత్రం ఉన్న ఇంటికి మనుషుల్ని తనే తీసుకొస్తాననీ మాటిచ్చాడు. అందులో మెలిక ఉందని ఆమెకి తెలుసు. ఎంచేది అతనైతే మంగళవారమూ అతనిదే.

అయినా వెళ్ళింది. బంగారు గాజులు అమ్మేసి, బోసి చేతులతో వెళ్ళింది.

పాటల యంత్రాలు బాగుచేసి అమ్మే ఖాచిక్ దుకాణం అజీజియా పేటలో, మేడ మీద. చెక్క నేల. ఖాచిక్ రెండు యంత్రాలు పక్కపక్కన పెట్టి ఉంచాడు. ఒకటి స్ప్రింగులకి వేలాడేది, సన్నని బెల్టుతో తిరిగేది, గాజుముక్కలా మెరిసేది. రెండోది ఎప్పుడో ఏ రేడియో స్టేషనులోనో పనిచేసింది. ఇనప దిమ్మలా బరువు, లోపల రబ్బరు చక్రం. ఖాచిక్ దాన్ని విప్పి, శుభ్రం చేసి, కొత్త చెక్కలో బిగించాడు. ధరలో పెద్ద తేడా లేదు.

ఆమె తెచ్చిన రికార్డు మొదట స్ప్రింగుల దాని మీద పెట్టాడు. గదిలో నిశ్శబ్దం ఒక మెట్టు కిందకి దిగినట్టైంది. ఊద్ వాద్యం తీగ మీద వేలు జరగడం వినిపించింది. పాడే మనిషి ఊపిరి తీసుకోవడం వినిపించింది. ఫాతిహ్ కళ్ళు మూసుకున్నాడు. ఇంత స్పష్టంగా ఈ గొంతు తనెప్పుడూ వినలేదని నజీహా ఒప్పుకుంది. పైకే ఒప్పుకుంది.

పంక్తి వాలింది. ఆహ్ అంది. కాలు దానంతటదే నేలకి తగిలింది.

ముల్లు ఎగిరి రికార్డు మీద ఇంకెక్కడో పడింది.

ఖాచిక్ నొచ్చుకుంటూ చెయ్యి చాచి ముల్లు లేపాడు. గోడకి అర బిగించి దాని మీద పెడితే ఈ బాధ ఉండదన్నాడు. బిగించినా మాటిమాటికీ ముల్లు లేపి పెట్టడం మాత్రం దానికి మంచిది కాదు. రికార్డు ఒక వైపు మొదలుపెడితే చివరిదాకా వినాలి. కదలకుండా కూర్చుంటే ఇంకా మేలు.

"అది కూడా మంచిదే వదినా," అన్నాడు ఫాతిహ్. "ఆ కేకలూ గోలా ఇన్నాళ్ళూ అన్నయ్య కోసం భరించాం. ఇకనైనా మనుషుల్లా విందాం."

"నేను ఇంకా ఒక్కసారి కూడా అరవలేదు," అంది నజీహా. "అప్పుడే మానెయ్యమంటున్నావు."

రెండోది పెట్టమంది. దాని అడుగున సన్నని గొణుగుడు ఉంది. పక్కింట్లో ఫ్రిజ్ నడుస్తున్నట్టు. ఫాతిహ్ వేలెత్తి చూపించాడు, విను అన్నట్టు. ఆమె వింది. నేల మీద కాలు కొట్టింది. పాట కదల్లేదు. లేచి వెళ్ళి, తనే ముల్లు లేపి వెనక్కి పెట్టింది. అది రెండు పంక్తుల అవతల పడింది. ఫాతిహ్ నవ్వాడు. ఇంకోసారి పెట్టింది. ఈసారి పంక్తి మధ్యలో. చెయ్యి మాత్రం వెనక్కి తీసుకోలేదు.

"దీన్ని పంపించు ఖాచిక్," అంది.

ఖాచిక్ నిజాయితీపరుడు. పాట వినడానికైతే మొదటిదే గొప్పదమ్మా అన్నాడు. తెలుసంది.

మెట్ల మీద ఫాతిహ్ ఆగాడు. "ఆ గొణుగుడు వినడానికి నేను రాను వదినా. మిగతావాళ్ళు నా మాట కాదనరు."

"రావద్దు," అంది. "రికార్డులు మాత్రం అడక్కు."

మంగళవారం ఆమె యంత్రాన్ని పెద్ద గదిలో పెట్టింది, కిటికీ పక్కన. దాని పక్కన తన కుర్చీ వేసుకుంది. కాఫీ కూడా అక్కడికే తెచ్చిపెట్టుకుంది. చాలాసేపటికి అబూ సుబ్హీ వచ్చాడు. ఊద్ తీగలు అమ్మే ముసలాయన, వెంట వియ్యంకుడు. మిగిలినవాళ్ళు ఫాతిహ్ ఇంట్లో ఉన్నారట. ఇద్దరూ గోడవారన కూర్చుని చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

పాట మొదలైంది. మొదటి పంక్తి వాలింది. ఎవరూ ఏమీ అనలేదు. రెండోది వాలింది. వియ్యంకుడు తివాచీ అంచు చూస్తున్నాడు. అబూ సుబ్హీ ఒకసారి నోరు తెరిచి, ఆమె వైపు చూసి, మూసేశాడు.

నజీహా లేచి కిటికీ బార్లా తీసింది. మూడో పంక్తి వాలగానే, వీధికి కూడా వినిపించేలా, "మళ్ళీ," అంది. తనే వెళ్ళి ముల్లు వెనక్కి పెట్టింది.

అది కొంచెం ముందుకి పడింది.

కొంతసేపు అబూ సుబ్హీ ఓర్చుకున్నాడు. ఇక ఓర్చుకోలేకపోయాడు. "ఇంకాస్త వెనక నుంచి వెయ్యాలమ్మా. అదీబ్ అక్కడ నుంచి వేసేవాడు కాదు."

"చెయ్యి నాది అబూ సుబ్హీ," అంది నజీహా. "ఇవాళ ఇక్కడ నుంచే వినండి."

ముసలాయన మూతి ముడుచుకున్నాడు. వెళ్ళిపోతాడేమో అనుకుంది. ఆయన కాళ్ళు చాపి, అప్పటిదాకా విప్పని జోళ్ళు విప్పి, వీపు గోడకి ఆనించాడు. పంక్తి వాలినప్పుడు కాలు నేలకేసి కొట్టి, ఇంకోసారి వెయ్యమని చేత్తో సైగ చేశాడు.