పరుగు మానినా తగ్గని కాలినొప్పి

2022 అక్టోబరులో నన్ను నల్లగొండలో పోలీసు ఉద్యోగాలకు సిద్ధమయ్యే ఆడపిల్లల ఉచిత శిక్షణ శిబిరానికి డిప్యుటేషన్ మీద పంపారు. డిప్యుటేషన్ అంటే జీతం పాత చోట, పని కొత్త చోట. అప్పటికి నేను ఆరోగ్యశాఖలో హెల్త్ సూపర్‌వైజర్‌ని. ఏఎన్ఎంల పని చూసుకునే హోదా. రిటైర్మెంటు దగ్గరపడ్డ రోజుల్లో పొద్దున్నే మైదానం గాలి పీల్చే పని దొరికినందుకు దేవుడికి దండం పెట్టుకున్నాను.

రాతపరీక్ష మొదటి మెట్టు దాటిన పిల్లలు ఎనిమిది వందల మీటర్లు గడువు లోపల ఉరకాలి. చాలామందికి అంతకుముందు పరుగు అలవాటు లేదు. కొత్తగా ఉరికేవాళ్లకు ఊపిరి తొందరగా కుదురుకుంటుంది. ఎముకలకు అంతకంటే ఎక్కువ కాలం పడుతుంది. ఊపిరి ఆడుతోంది కదా అని ఉత్సాహంలో దూరం పెంచేస్తారు. అప్పుడు మోకాలి కింద ముంగాలి ఎముక లోపలి అంచున నొప్పి మొదలవుతుంది. అందుకే కొంత నడక, కొంత పరుగు, అదీ రోజు విడిచి రోజు. పక్కమనిషితో మాట్లాడగలిగే వేగం మించవద్దనేవాళ్లం. ఇద్దరిద్దరిని జత కట్టించేవాళ్లం. ఒకరికి బద్ధకం వస్తే రెండోవారు గదికి పోయి లేపుకొస్తారు.

పరుగుకు ముందు ప్రతి పిల్ల కాలూ బొటనవేలితో ఆ అంచు వెంట నొక్కి చూడటం నా పని. నొప్పి బెత్తెడు మేర పరుచుకొని ఉంటే పరుగు ఆపి విశ్రాంతి ఇవ్వాలి. వేలికొన ఆనినంత చోటే ఉండి, నొక్కగానే కేక పెడితే ఎముక చిట్లిందేమోనని డాక్టరుకు పంపాలి.

సరితది కేతేపల్లి దగ్గర వ్యవసాయ కుటుంబం. వయసు పరిమితి ప్రకారం ఆమెకు ఇదే ఆఖరు అవకాశం. తల్లి లక్ష్మమ్మ వరికోతలు వదిలిపెట్టి, మైదానం వెనక కిరాయి గదిలో ఉంటూ బిడ్డకు వండిపెట్టేది. రెండో వారానికే సరితకు ముంగాలి నొప్పి వచ్చింది. బెత్తెడు మేర ఉంది, అంటే నాకు తెలిసిన నొప్పే. పరుగు పూర్తిగా ఆపించాను. వారంలో నెమ్మదించాలి.

నెమ్మదించలేదు సరికదా, పెరిగింది. దవాఖానకు పంపాను. ఎక్స్‌రేలో ఎముక బాగానే ఉంది. డాక్టరు గారు కూడా విశ్రాంతే రాశారు. నేను బడికి పోయిన మనిషిని కాను; మా నాయిన ఇంట్లోనే చదువు చెప్పి ప్రైవేటుగా పరీక్షలు రాయించారు. అర్థం కానప్పుడు చూసిందే మళ్లీ చూడమనేవారు. రోజూ అదే కాలు చూశాను. కొన్నాళ్లు ఆపి మళ్లీ ఉరికే పిల్లలకు తగ్గుతోంది, అసలే ఉరకని ఈ పిల్లకు పెరుగుతోంది. ఎటు ఆలోచించినా అంతు చిక్కలేదు.

శిక్షణ ఇచ్చే ఆర్‌ఎస్‌ఐ గారికి, అంటే సాయుధ విభాగం సబ్ ఇన్‌స్పెక్టరుకు, ఒక అనుమానం. "చాటుకు ఉరుకుతున్నదేమో అడుగుర్రి, సిస్టర్," అన్నారు. అడిగాను.

"మీ మీద ఒట్టు మేడం, బూట్లు గూడ ముట్టలే," అంది సరిత. ఆమె జతగత్తె నవ్వింది: "ఇది ఉరుకుడా మేడం? లేపవోతేనే నా మీద లేస్తాంది!"

సరిత కళ్లు చూస్తే అబద్ధం చెబుతున్నట్టు లేదు. అది నన్ను ఇంకా గందరగోళపెట్టింది.

కార్తీకమాసం వచ్చింది. ఒక సాయంత్రం దీపం పెడదామని మైదానం పక్కనున్న ఆంజనేయస్వామి గుడికి వెళ్లాను. బండలు పరిచిన ప్రదక్షిణ దారిలో సరిత చెప్పులు లేకుండా విసవిసా తిరుగుతోంది, కొంచెం కుంటుతూ. లక్ష్మమ్మ అరుగు మీద కూర్చుని చింతగింజలతో లెక్క పెడుతోంది. ఉద్యోగం వచ్చేదాకా బిడ్డ రోజూ నూట ఎనిమిది తిరుగుతుందని ఆమె మొక్కిందట. పరుగు ఆగిన రోజు నుంచి, ఆ లోటు స్వామి పూడ్చాలని, లెక్క రెట్టింపు చేసిందట.

"ఉరుకొద్దన్నరు, ఉరుకుతలేదు గద మేడం. దేవుని సుట్టు తిరుగుడు ఉరుకుడెట్లయితది?" అంది లక్ష్మమ్మ.

"కాలికి రెండూ ఒకటేనమ్మా," అన్నాను.

"మరి మొక్కు నడుమల ఇడిస్తే సామికి కోపం రాదా? మీరు గూడ దీపం తెచ్చిండ్రు గద, మీరే చెప్పుర్రి."

ఆమె జాగాలో ఉంటే నేనూ అదే అడిగేదాన్ని. ఆపమంటే దేవుడికి అడ్డం పోయినట్టు, ఊరుకుంటే పిల్లకు అన్యాయం చేసినట్టు. చివరికి పూజారిని పిలిచి, పూజ చివర ఉన్నచోటే తిరిగి చేసే ఆత్మప్రదక్షిణ ఈ మొక్కుకు చెల్లుతుందా అని అడిగాను.

"ఎందుకు చెల్లదమ్మ? ఒక్కటి తిరిగి కూసొని జపం చేస్కో బిడ్డా. సామి యాడికి పోతడు? కాలు బాగైనంక తిరుగు," అన్నాడాయన.

లక్ష్మమ్మ చింతగింజలు బిడ్డ ఒళ్లో పోసింది. "గట్లయితె నువ్వు లెక్కవెట్టు. నీ పేరు మీద నేను తిరుగుత," అని కొంగు నడుముకు చుట్టుకుంది. వారం తిరిగేసరికి ఆమె మోకాళ్లకు మందు రాయాల్సిన పని నాకు పడింది.

సరిత నొప్పి పది రోజుల్లో దిగింది. ముందు నడక, తర్వాత నడకలో కాస్త పరుగు, నొక్కితే నొప్పి లేదన్న రోజే ఇంకాస్త. డిసెంబరులో దేహదారుఢ్య పరీక్షలో గడువు లోపలే గీత దాటింది. తన శిక్షణ ఫలితమన్నారు ఆర్‌ఎస్‌ఐ గారు, స్వామి దయ అంది లక్ష్మమ్మ. "నాకైతే ఏం సమజ్ కాలె మేడం, కాలు నొయ్యలే, గంతే," అంది సరిత. ఏది ఎంత పనిచేసిందో విడదీయడం నాకూ ఈనాటికీ రాదు. అన్నిటికీ కృతజ్ఞురాలిని.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎవరికీ ఉత్త "విశ్రాంతి" అని చెప్పలేదు. నిద్ర లేచింది మొదలు పడుకునేదాకా ఆ కాళ్లు ఎక్కడెక్కడ తిరుగుతాయో అడిగేదాన్ని: మెట్లు, నీళ్ల బిందెలు, జీవాల వెంట నడక, గుడి. నొప్పి వచ్చిన పిల్లను ఒక్కదాన్నే కాదు, ఇంట్లో ఆమెను తిప్పేవాళ్లను కూడా కూర్చోబెట్టి అడిగేదాన్ని.