మందుల షాపులో 417

చిన్నప్పుడు అమ్మమ్మ దెయ్యాల కథలు చెబుతుంటే నవ్వేవాణ్ణి. ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చదివాక అలాంటివి వినే ఓపిక కూడా పోయింది. ఏ మిషన్ చెడినా కరెంటులోనో వైరులోనో ప్రోగ్రాములోనో కారణం దొరుకుతుందని నా నమ్మకం. దెయ్యాలున్నాయని ఇప్పటికీ అనను. జరిగింది మాత్రం చెబుతాను.

రెండువేల మూడు ప్రాంతంలో బందరులో ఉంటూ, గుడివాడ నుంచి అవనిగడ్డ దాకా షాపుల్లో బిల్లింగ్ కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణి. అవనిగడ్డలో దానియేలు గారని ఒకాయనకి మందుల షాపు ఉండేది. ఒక్కో మందుకీ ఉన్న కోడు నంబరు కొట్టి బిల్లులు వేసేది ఆయన భార్య శాంతమ్మ గారు. ఆవిడ జ్వరంతో పోయారని విన్నాను. నెల తిరక్కుండానే ఆయన ఫోన్ చేశారు.

"మధ్యాహ్నం మూడయ్యేసరికి నాలుగు, ఒకటి, ఏడు అని దానంతటదే పడుతోందండీ. నేను చెయ్యి కూడా పెట్టను."

"ఏ మందు కోడండీ అది?"

"బీపీ బిళ్లలు," అన్నారు.

మీటలు ఇరుక్కుపోయాయేమో అనుకున్నాను. వెళ్లి కీబోర్డు విప్పి తుడిచాను. ఏ మీట నొక్కితే ఆ అక్షరం తెర మీద చూపించే పరీక్ష ప్రోగ్రాం పెట్టి ఒక్కొక్కటీ చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. మూడింటికి 417 పడింది.

మర్నాడు కొత్త కీబోర్డు తెచ్చి పెట్టాను. మళ్లీ పడింది.

మూడోరోజు కంప్యూటర్ ఆపి, కీబోర్డు వైరు పీకేసి, మళ్లీ ఆన్ చేశాను. కీబోర్డు లేదని తెర మీద హెచ్చరిక వచ్చింది. మౌస్‌తోనే పరీక్ష ప్రోగ్రాం తెరిచి కూర్చున్నాను. వైరు నా ఒళ్లోనే ఉంది. మూడింటికి నాలుగు పడింది. కాస్త ఆగి ఒకటి. తర్వాత ఏడు. ఒంటివేలితో వెతుక్కుంటూ కొట్టినట్టు నిదానంగా పడ్డాయి.

ఇక మిగిలింది డ్రైవర్. కీబోర్డు చెప్పేది కంప్యూటర్‌కి అర్థమయ్యేలా అందించే చిన్న ప్రోగ్రాం అది. పాతది పూర్తిగా తీసేసి, సీడీ నుంచి కొత్తది ఎక్కించాను. మర్నాడు మూడు దాటినా ఏమీ పడలేదు.

"ఇంక రాదాండీ?" అన్నారు దానియేలు గారు.

"రాదండి. పూర్తిగా తీసేశాను," అన్నాను, కాస్త గర్వంగానే.

ఆయన చాలాసేపు తెర వంకే చూస్తూ నిలబడ్డారు. టీ తాగమని కూడా అనలేదు.

పది రోజులకి ఆయన కౌంటరు దగ్గరే పడిపోయారు. పక్షవాతం. బందరు ఆసుపత్రిలో రెండు రోజులుండి చనిపోయారు.

షాపు అమ్మేస్తున్నాం, కంప్యూటర్ చూడమని కూతురు సువార్త పిలిస్తే వెళ్లాను. ఆవిడ సొరుగులోంచి విప్పని బీపీ బిళ్లల అట్టలు తీసి బల్ల మీద పెట్టింది.

"రోజూ మూడింటికి అమ్మ దగ్గరుండి మింగించేదండి. అమ్మ పోయాక నాన్న ఒక్కటీ వేసుకోలేదు. మాకెవరికీ తెలియలేదు."

అట్ట మీద షాపు చీటీ ఉంది. 417.

ఆవిడ కంప్యూటర్ వైపు చూపించి అడిగింది. "మీరు నాలుగు రోజులు వచ్చారని నాన్న చెప్పారండీ. దీనికి ఏమైంది అప్పుడు?"

డ్రైవర్ పాడైందని చెప్పాను. ఎవరడిగినా ఇప్పటికీ అదే చెబుతాను. ఆ రోజు నేను తీసేసింది ఏమిటో మాత్రం నాకు తెలియదు.