దేవదానం బిగించని బోల్టు

ఈ ఉదయం వికారాబాద్‌లో కారు ముందు చక్రాలు విప్పించాను. చక్రాన్ని బండికి పట్టి ఉంచే ఇనుప చెయ్యిని, వాళ్ల మాటల్లో కింది ఆర్మును, మెకానిక్ బయటికి లాగి కిరోసిన్‌తో కడుగుతున్నాడు. మట్టి పట్టి నల్లబడిన గ్రీజు, పాత రబ్బరు, కిరోసిన్ కలిసిన ఆ వాసన తగలగానే కుర్చీలోంచి లేచి గేటు దగ్గరకు వెళ్లి నిలబడ్డాను. "వాసన పడదా మేడం?" అని అడిగాడతను. పడకపోవడం కాదు. నా పాత మెకానిక్ దేవదానం షెడ్డులో అడుగుపెడితే ఇదే వాసన వచ్చేది. తాండూరులో ఆ షెడ్డు ఉన్న చోట ఇప్పుడు నాపరాళ్లు పేర్చి అమ్ముతున్నారు. ఆయన గురించి చెప్పాలంటే నేను చేసిన తప్పు కూడా చెప్పాలి. అందుకే ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు.

నేను పశువుల డాక్టర్ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో తాండూరు పశువైద్యశాలకు వేశారు. ఇల్లు వికారాబాద్‌లో. ఒక సీనియర్ డాక్టరు పదేళ్లు వాడిన చిన్న కారు కొనుక్కొని రోజూ వెళ్లి వచ్చేదాన్ని. నాపరాళ్ల లారీలు తిరిగి తిరిగి ఆ రోడ్డు అక్కడక్కడా దున్నిన చేనులా ఉండేది. ఏడాది తిరక్కముందే ముందు ఎడమ వైపు నుంచి టక్కుటక్కుమని చప్పుడు మొదలైంది. ఒకతను టైర్లు మార్చమన్నాడు, మార్చాను. ఇంకొకతను షాకబ్జార్బర్లు వేశాడు. చప్పుడు పోలేదు. అప్పుడు మా అటెండర్ లక్ష్మమ్మ, "మా ధారూర్ ఆయనే మేడం, దేవదానమని, గీడనే షెడ్డు పెట్టుకున్నడు. ఒక్కసారి ఆయనకు చూపియ్యిండ్రి" అంది.

ఆయనకు అప్పటికే యాభై దాటాయి. కళ్లజోడుకు దారం కట్టి మెడలో వేసుకునేవాడు. నేను చప్పుడు ఎప్పుడు మొదలైందో, ఎవరెవరు ఏమన్నారో వరసగా చెప్పబోతే, పక్క సీట్లో కూర్చొని, "మీరు నడుపుండ్రి డాక్టరమ్మా. జరసేపు బండినే చెప్పనియ్యిండ్రి" అన్నాడు. రైల్వే గేటు దాకా వెళ్లి వచ్చేలోపు ఆయన ఒక్క మాట మాట్లాడలేదు. షెడ్డుకు రాగానే జాకీ ఎత్తి, కింద దిమ్మెలు పెట్టి, చక్రాన్ని పైన ఒక చెయ్యి, కింద ఒక చెయ్యి పెట్టి ఊపాడు. తర్వాత నన్ను పిలిచి, ఆర్ము చివర ఉన్న గుండ్రటి కీలు మీద చెయ్యి పెట్టమన్నాడు. మళ్లీ ఊపాడు. నా వేళ్ల కింద ఏదో వదులుగా కదిలింది. "గిదే మీ చప్పుడు. బాల్ జాయింటు పోయింది, ఆర్ము రబ్బరు బుష్‌లు చినిగినయి. టైర్లు పాపం ఏం చేసినయి?" అన్నాడు.

కుడి వైపు బాగానే ఉంది కదా, ఎడమ వైపు మాత్రం మార్చమన్నాను. "ఒక కాలుకు కొత్త చెప్పు, ఒక కాలుకు అరిగిన చెప్పు ఏసుకొని నడుస్తరా?" అన్నాడు. రెండు వైపులా మార్చాడు. అన్నీ బిగించాక కూడా బుష్‌ల బోల్టులు వదులుగానే ఉంచి బండిని కిందికి దించాడు. మర్చిపోయాడేమోనని అడిగాను. "గాలిల ఉన్నప్పుడు బిగిస్తే రబ్బరు మెలిపడ్డట్టే ఉంటది. బండి తన బరువు మీద తను నిలవడ్డంక బిగించాలె. గీ పని తొందర చేస్తే కొత్త బుష్ ఆరు నెలలకే పోతది" అన్నాడు. బండి కింద వెల్లకిలా పడుకొని ఒక్కో బోల్టునూ బిగించి, చివరికి వేలితో తడిమి చూసుకున్నాడు. వికారాబాద్ చేరేదాకా ఆ రోజు కారులో నా గాజుల చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు.

ఆ తర్వాత నాలుగేళ్లు నా బండిని ఆయన తప్ప ఎవరూ ముట్టుకోలేదని నేను అనుకునేదాన్ని. పని లేకపోయినా మధ్యాహ్నాలు ఆ షెడ్డు ముందు ఆగేదాన్ని. లారీ డ్రైవర్లతో కన్నడంలో, నాతో తెలుగులో మాట్లాడుతూ పని చేసుకునేవాడు. నేను కాలేజీలో చదివిన చదువు తక్కువేం కాదు. కానీ పశువు దగ్గరకు వెళ్లేసరికి రైతు చెప్పింది విని, ముందే ఒక రోగం పేరు అనుకొని, దానికి తగ్గట్టు చూసే అలవాటు ఉండేది. ఒకసారి కొడంగల్ వైపు నుంచి ఒక రైతు కుంటుతున్న ఎద్దును తోలుకొచ్చాడు. గిట్టలో ముల్లు గుచ్చుకుందని ఆయన అన్నాడు, నేనూ గిట్టే శుభ్రం చేయబోయాను. ఎందుకో ఆగి, గిట్ట నుంచి భుజం దాకా కీలు కీలునూ వేళ్లతో నొక్కుకుంటూ వెళ్లాను. భుజం దగ్గర ఎద్దు ఒక్కసారి వణికింది. కాడి రాపిడికి లోపల చీము పట్టి ఉంది. ఆ సాయంత్రం దేవదానానికి ఈ సంగతి చెబితే, "మీ చేతికి తెలివి వస్తున్నది డాక్టరమ్మా" అన్నాడు. నా ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పుల్లో అంతకంటే పెద్దది లేదు.

ఇక తప్పు సంగతి. ఒక వానాకాలం లక్ష్మమ్మను వెంటబెట్టుకొని అనంతగిరి గుట్ట దిగుతున్నాను. మలుపులో పెద్ద చప్పుడై ముందు ఎడమ చక్రం బయటికి వాలిపోయింది. బండి కల్వర్టు గోడకు కొట్టుకొని ఆగింది. నాకు నుదురు చిట్లింది. లక్ష్మమ్మ కుడి మణికట్టు విరిగింది. బాల్ జాయింటు ఊడి వచ్చిందని చూసినవాళ్లు చెప్పారు. రెండు నెలల కిందటే దేవదానం కొత్తది వేసిన జాయింటు అది.

మర్నాడు కట్టు కట్టిన నుదురుతోనే తాండూరు వెళ్లాను. షెడ్డులో నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లందరి ముందు, "నకిలీ సామాను వేశావో, బోల్టు బిగించడం మరిచావో నువ్వే చెప్పు. ఆడమనిషి చెయ్యి విరిగింది నీ వల్ల" అన్నాను. అప్పటిదాకా ఆయన్ను అన్నా అనీ మీరు అనీ పిలిచినదాన్ని, నువ్వు అన్నాను. ఆయన చేతులు గుడ్డతో తుడుచుకుంటూ నిలబడ్డాడు. "లక్ష్మమ్మకు ఎట్లున్నది?" అని అడిగాడు. తర్వాత, "నేను చేసినంక ఎవరన్న ఆ చక్రం విప్పిండ్రా?" అన్నాడు. తప్పు ఇంకొకరి మీదికి నెట్టకు అని చెప్పి వచ్చేశాను. అంతటితో ఆగలేదు. వైద్యశాలకు వచ్చే రైతులకు, కార్లున్న తోటి ఉద్యోగులకు, అడిగినవాళ్లకూ అడగనివాళ్లకూ చెప్పాను. డాక్టరమ్మ మాటంటే ఆ ఊళ్లో విలువ ఉండేది. మెల్లగా ఆయన షెడ్డు ముందు కార్లు తగ్గాయి.

అయిదారు నెలల తర్వాత ఒకరోజు అన్నం తింటూ మా ఆయన మాటల్లో మాటగా, "పోయిన వానల ముందర ఎడమ చక్రం ఇరుసు మీద రబ్బరు తొడుగు మార్పించిన, అది మళ్లీ చినిగినట్టుంది" అన్నారు. ఎక్కడ మార్పించారని అడిగాను. దేవదానం కొత్త జాయింటు వేసిన కొన్నాళ్లకే, ఒక ఆదివారం దారి పక్కన ఎవరో చేశారట. నాకు చెప్పేంత పనేం కాదనుకున్నారట. దేవదానం షెడ్డులో కూర్చొని కూర్చొని నాకు ఆ మాత్రం తెలుసు. ఆ తొడుగు మార్చాలంటే బాల్ జాయింటు బోల్టు తీయాలి. మళ్లీ బిగించాలి. వాళ్లు బిగించలేదు.

మర్నాడే వెళ్లవలసింది. వెళ్లలేదు. అంతమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవాలంటే అంతమంది ముందే తీసుకోవాలి. దానికి సిగ్గు అడ్డొచ్చింది. రోజూ ఆ దారినే వెళ్తూ, షెడ్డు వచ్చే ముందు పక్క అద్దంలో ఏదో చూస్తున్నట్టు తల తిప్పుకునేదాన్ని. ఒక రోజు చూస్తే షట్టరు దించి ఉంది. మరో వారం కూడా దించే ఉంది. ధారూర్ వెళ్లిపోయాడని, ఒక గోదాముకు కాపలా ఉంటున్నాడని లక్ష్మమ్మ చెప్పింది. ఆమె చెయ్యి అతికింది కానీ కొంచెం వంకర ఉండిపోయింది. ఆమెకు మాత్రం ఆ రోజే నిజం చెప్పాను. "నాకు చెప్పి ఏం చేస్తరు మేడం, ఆయనకు చెప్పుండ్రి" అంది.

అప్పుడు ధారూర్ వెళ్లాను. ఇంటి ముందు మంచం వాల్చి కూర్చోబెట్టాడు. ఆయన భార్య సరోజనమ్మ చాయ్ తెచ్చింది. నేను చెప్పాలనుకున్నది చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు.

"నాకు తెలుసు డాక్టరమ్మా. మీరు వచ్చిపోయిన మర్నాడే మీ బండి పడి ఉన్న కాడికి పోయి చూసిన. నేను బిగించిన బోల్టు మీద నుంచి ఆర్ము దాకా తెల్లరంగు గీత పెడత. గీత తెగి ఉన్నది, బోల్టు మీద వేరే పానా గాట్లున్నయి. ఎవరో విప్పిండ్రు."

"మరి నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నమ్ముతుండ్రా?"

తాండూరులో అందరికీ నేనే చెబుతాను, మళ్లీ షెడ్డు తెరవమన్నాను. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "నా నడుము పనిచేస్తలేదు ఇప్పుడు. మీకు తెలిసిన రోజే వచ్చి ఉంటే బాగుండు. అప్పుడు నాకు పని మీద మనసుండె" అన్నాడు. కోపంగా అనలేదు. చాయ్ చల్లారుతుందని గుర్తు చేశాడు.

ఎవరెవరికి చెప్పానో గుర్తు తెచ్చుకొని, వాళ్లందరి దగ్గరికీ వెళ్లి నిజం చెప్పాను. కొందరికి ఆ సంగతే గుర్తు లేదు. "ఎప్పటి ముచ్చట మేడం" అని నవ్వారు. నా మాటతో వాళ్లు మెకానిక్‌ను మార్చుకున్నారు, తర్వాత ఆ మాటనూ మరిచిపోయారు. దేవదానం మరో మూడేళ్లు బతికాడు. సమాధి దగ్గర లక్ష్మమ్మ పక్కన నిలబడ్డాను. ఆయన మనుషుల్లో ఎవరూ నన్ను ఏమీ అనలేదు.

పోయిన నెల కుల్కచర్ల దగ్గర ఒక రైతు గేదెకు నేను చేసిన వైద్యం సరికాదని పరీక్ష కాగితం చూశాక తెలిసింది. గేదెకు చూలు పోయింది. ఫోను చేసి చెప్పొచ్చు. సోమవారం చెప్పొచ్చు. సంచి తీసుకొని అప్పుడే బయల్దేరాను. రైతు వాకిట్లో నలుగురు కూర్చొని ఉన్నారు. వాళ్లు లేచి వెళ్లేదాకా ఆగాలనిపించింది. ఆగకుండా, "తప్పు నాది" అని వాళ్ల ముందే చెప్పాను. ఆయన, "గిది చెప్పనీకే ఇంత దూరం వచ్చినవా అమ్మా?" అన్నాడు. తర్వాత రెండు కఠినమైన మాటలు అన్నాడు. అనాల్సినవే. విని వచ్చాను. చెప్పాల్సిన రోజే వెళ్లి చెప్పడం ఇప్పుడు నాకు చేతనవుతుంది. ఆ పని నేర్చుకోవడానికి ఒక మంచి పనివాడి షెడ్డు మూతపడవలసి వచ్చింది.