మూత లేని బెల్లం కుండ

తిరుపతిలో మా వీధి మొదట్లో చెరుకు రసం బండి పెడతారు. మోటారు తిరిగి, నలిగిన గడల పచ్చివాసన నిమ్మకాయ వాసనతో కలిసి మా గుమ్మం దాకా వచ్చిందంటే, చేతిలో చీపురున్నా సరే, యాభై దాటిన మనిషినన్న సంగతి మరిచిపోయి, వడమాలపేటకు లోపలున్న మా పల్లెలో గానుగ పక్కన పిప్పి కుప్ప మీద గొంతుకూర్చుంటాను.

డెబ్భైలు అయిపోవస్తున్న రోజులవి. ధనుర్మాసం వచ్చిందంటే మా చేలో గానుగ ఆడేది. మంచులో ఎద్దులు తిరుగుతూ, పొయ్యిలో ఎండు పిప్పి చిటపటలాడుతూ, పెద్ద పెనంలో రసం మొదట పచ్చగా, తర్వాత పసుపుగా, ఆఖరికి తేనె రంగులో కుతకుతలాడుతుంటే, ఆ ఆవిరికి మా జుట్టూ పావడాలూ మా కుక్క వీపూ కూడా జిగటగా తయారయ్యేవి. ఆ నెలంతా చీమలు మమ్మల్ని దగ్గర బంధువుల్లా వెతుక్కుంటూ వచ్చేవి. పొద్దున్నే చెరుకు చెక్క మీద ఉడుకు బెల్లం, మధ్యాహ్నం బొరుగుల్లో బెల్లం, సాయంత్రం బడి ముందర కమర్‌కట్టు, పడుకునే ముందు బుగ్గలో ఇంకో గడ్డ. నా నోరు ఖాళీగా ఉన్న గడియ నిద్రలో కూడా లేదు. ఏడో తరగతితో బడికి దణ్ణం పెట్టినదాన్నే గానీ, బెల్లంలో మాత్రం అప్పటికే పెద్ద చదువులు చదివేశాను.

మా ఇంటి మగవాళ్లూ అంతే. తాత నోట్లో ఒకే ఒక్క పన్ను మిగిలి ఉండేది, దాన్ని ఊరందరికీ చూపించుకునేవాడు. పెద్దనాయన నవ్వితే దీపం లేని గది తలుపు తీసినట్టుండేది. నాయనకు నలభై నిండకుండానే రెండు దవడలూ బోసిపోయాయి. అవ్వ మాత్రం వేరే. డెబ్భై దాటిన మా అవ్వ నోరు తెరిస్తే, అప్పుడే పైతొక్క ఒలిచిన మొక్కజొన్న కంకిని చూసినట్టుండేది. ఒక్కటి కదలదు, ఒక్కటి నల్లబడదు. చెరుకు గడను అడ్డంగా పట్టుకుని, ఒక్క కొరుకు కొరికి, సర్రుమని గజం పొడుగు తోలు లాగేసేది. ఊళ్లో పిల్లలం వరసగా కూర్చుని, గారడీవాణ్ణి చూసినట్టు ఆమె నోటికేసి చూసేవాళ్లం. ఒలిచిన ముక్కలను ఆమె తినేది కాదు, దంచి, రసం పిండి తాతకు ఇచ్చేది.

"నీ పళ్లు నాకియ్యే, నా నాలిక నువ్వు తీసుకో" అనేవాడు తాత.

"నీ నాలిక నాకెందుకప్పా, ఇంట్లో ఉండే తగువులు సాలవా" అనేది అవ్వ.

నాకు పదేళ్లప్పుడు దవడపన్ను నొప్పి మొదలైంది. లవంగం పెట్టారు, ఉప్పునీళ్లు పోశారు, వేపపుల్లతో తోమించారు. నొప్పి అన్నింటినీ మర్యాదగా స్వీకరించి, అక్కడే ఉండిపోయింది. నాయన నన్ను బస్సెక్కించి తిరుపతిలో ఒక పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాడు. ఆయన అద్దంతో చూసి, గుంటలో సిమెంటు లాంటిదేదో నింపి, నాతోనే మాట్లాడాడు: "ఇది పాలపన్ను కాదు పాపా. పోతే మళ్లీ రాదు. రోజంతా తీపి చప్పరిస్తుంటే నిలవదు, తగ్గిస్తే నిలుస్తుంది. ఉగాది అయినాక రా, ఉంచడమో పీకడమో అప్పుడు చూద్దాం." బల్ల మీదున్న పట్టకారు నాకేసే చూస్తున్నట్టనిపించింది.

ఇంటికి రాగానే నాయన బెల్లం కుండను గదిలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. అప్పుడు అవ్వ వసారాలోంచి లేచింది. కొడుక్కు ఎదురు మాట్లాడగా నేనెన్నడూ వినలేదు.

"తాళం తియ్ రా."

"అమ్మా, ఇది బెల్లం సూస్తే ఆగదు. పన్ను పోతాది."

"పోతే పోనీ. ఆడబిడ్డకు బెల్లం కనపడకుండా తాళమేసిన కొంప నేనొకటి సూసినా. ఈ కొంపే. అది సాలు."

తాత గొంతు సవరించుకుని ఎద్దులకు మేత వేయడానికి వెళ్లిపోయాడు. అవ్వ నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది. "నేనీడికొచ్చినప్పుడు నాకు పదమూడేండ్లు. పాకం కలబెట్టేది కోడండ్లు, బెల్లం తినేది మగోళ్లు. తాళంసెవి మా అత్త బొడ్లో ఉండేది. ఒకరోజు గరిటె నాకినానని ఇదో, ఈడ వాత పెట్టింది. మీరంతా నా పళ్లు సూసి మురుస్తారు. ఇవి నేను కాపాడుకున్న పళ్లు కావుమే. పెట్టక మిగిలిన పళ్లు."

ఆమె మోచేతి కింద ఆ మచ్చను నేను రోజూ చూసేదాన్ని, ఎప్పుడూ అడగలేదు.

అవ్వ కుండను తెచ్చి, చీమలు పట్టకుండా నీళ్ల పళ్లెంలో నిలిపి, నా చేతికందే గూట్లో పెట్టింది. "మూత గూడా ఎయ్యను. తింటావో మానతావో నీ ఇష్టం. అడ్డమొచ్చినోళ్ల సంగతి నేను సూసుకుంటా."

తాళం ఉండుంటే రెండో రోజే కిటికీలోంచి దూరేదాన్ని, ఆ విద్యలో నాకు ఎదురులేదు. కాపలా లేని దొంగతనం ఎలా చేయాలో మాత్రం తెలియలేదు. కుండ నన్ను చూసేది, నేను కుండను చూసేదాన్ని. పన్నెండో రోజు ఓడిపోయాను. గుప్పెడంత గడ్డ తీసుకెళ్లి కొట్టం వెనక చప్పరించి వచ్చాను. అవ్వ నా మొహం చూసి, చెంబుతో నీళ్లిచ్చింది. "పుక్కిలించి ఊసెయ్. రేపట్నుంచి మళ్లా మొదలుపెట్టు."

నెల తిరిగేసరికి విచిత్రం జరిగింది. ఒక పొద్దున పచ్చి చెనక్కాయ ఒలిచి నోట్లో వేసుకుంటే తియ్యగా ఉంది. మర్నాడు పాలు తియ్యగా ఉన్నాయి. జొన్న రొట్టెను నమిలే కొద్దీ అడుగునెక్కడో తీపి ఊరింది. ఇన్నేళ్లూ ఇవన్నీ నా ఎదుటే ఉంటే, బెల్లం నా నాలుక మీద కూర్చుని ఒక్కదాన్నీ లోపలికి రానివ్వలేదన్నమాట. ఆ సంగతి ఎవరికి చెప్పాలో తెలియక మా కుక్కకు చెప్పాను.

ఉగాది తర్వాత డాక్టరు మళ్లీ అద్దం పెట్టి చూశాడు, పట్టకారు జోలికి పోలేదు. "ముదరలేదు. దీన్ని ఉంచుదాం" అన్నాడు. ఇంటికొచ్చి గూట్లో కుండలోంచి చిన్న గడ్డ విరిచాను. తినబోతూ ఆగి, "నీకు కావాలా అవ్వా?" అన్నాను.

ఆమె నా చెయ్యిని దగ్గరికి లాక్కుంది. "ఈ ఇంట్లో నన్ను ఈ మాట ఎవురూ అడగలేదుమే" అంది. చిటికెడు తీసుకుని, కళ్లు మూసుకుని, అది కరిగేదాకా నోట్లో ఉంచుకుంది. రెండోసారి ఇవ్వబోతే "సాలు" అంది, చాలా తృప్తిగా.

ఇప్పుడు మా చేలో ఇళ్ల స్థలాలకు హద్దురాళ్లు పాతారు. పెనం పాత ఇనుము వాళ్లు ఎత్తుకుపోయారు. అవ్వ వెళ్లిపోయి ముప్పై ఏళ్లు దాటింది, అన్ని పళ్లతోనూ. నా దవడపన్ను సిమెంటు ముక్కతో సహా ఇంకా అన్నం నములుతోంది. పండక్కి మా ఇంట్లో అందరికీ ఒకే పళ్లెంలోంచి బెల్లం పూర్ణం పెట్టిన ఓళిగలు వడ్డిస్తారు. ఒకటి నెయ్యి వేసుకుని తింటాను. రెండోది వేయబోతే విస్తరికి అడ్డంగా చెయ్యి పెడతాను. ఆ చెయ్యి నాదే.