ఇంటివాళ్ళను బయట కూర్చోబెట్టి చేసిన ఆల్బం

స్వప్నిల్ మా పక్క ఖోలీ, అంటే పక్క గది, అబ్బాయి. వాళ్ళ ముత్తాత ముంబైకి రాళ్ళు మోయడానికి వచ్చాడు. తాత సున్నం కలిపాడు. తండ్రి మిల్లులో చేరి దగ్గు సంపాదించుకున్నాడు. స్వప్నిల్ లామింగ్టన్ రోడ్డులో ఒక దుకాణంలో స్పీకర్లు రిపేరు చేస్తాడు. మా కామాటిపుర పదకొండో గల్లీలో గణపతి మండపం సౌండు గొంతు పట్టుకుంటే అతణ్ణే పిలుస్తారు. తాగడు, తిరగడు, తల్లికి ఎదురు చెప్పడు. ఇన్ని సుగుణాలున్న మనిషికి ఏదో ఒక రోగం ఉండక తప్పదు కదా, ఇతనికి రాక్ మ్యూజిక్ పట్టుకుంది.

కాలేజీలో ఉండగా వీళ్ళకో బ్యాండు ఉండేది. డ్రమ్ములు వాయించే రితేశ్ పెళ్ళి చేసుకుని డోంబివలీ వెళ్ళిపోయాడు. మిగిలినవాళ్ళు పెళ్ళి కాకుండానే మానేశారు. స్వప్నిల్ గిటారు అటకెక్కింది. అక్కడే ఉండిపోయినా ఎవరికీ నష్టం లేకపోయేది. కానీ పోయిన ఏడు అతను ఫోనులో ఎవరో దొర వీడియో చూశాడు. ఆ దొర లోకం మీద విసుగెత్తి అడవిలో గుడిసె వేసుకుని, తలుపులు మూసుకుని, ఒక్కడే పాడి ఒక్కడే రికార్డు చేసుకున్నాడట. అది చాలా ఇంటిమేట్‌గా ఉందట.

"మావ్‌షీ, నేను గూడ ఇంట్లనే ఆల్బం చేస్త. మా ఇంటి మీదనే అన్ని పాటలు. రేపు నా బిడ్డ ప్రతీక్ష పెద్దగై ఇంటె, మా పప్పా మమ్ముల గిట్ల సూస్కుండు అని తెలవాలె. ఈ ఒక్కటైతె సాలు నాకు" అన్నాడు. మావ్‌షీ అంటే నేనే. చాల్‌లో అంటే ఈ ఒంటి గదుల మేడలో, పిల్లలందరూ నన్ను మరాఠీలో అలా పిన్ని అని పిలుస్తారు.

ఆ మాట అంటున్నప్పుడు అతని కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నాకూ ముచ్చటేసింది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు, ఒక్క పాట కట్టకముందే ఆల్బంకు 'మా ఇల్లు' అని పేరు కూడా పెట్టేశాడు.

ఆ ఇల్లు ఒక్క గది. మూల స్నానానికీ గిన్నెలకూ మోరీ, పైన అటక. అందులో స్వప్నిల్, భార్య నీత, కూతురు ప్రతీక్ష, తల్లి శాంతాబాయి. అతనికి సెలవు ఆదివారమే కాబట్టి పాటలూ ఆదివారమే. గది గంట కొట్టినట్టు మోగుతోందని బొంతలన్నీ గోడలకు వేలాడదీశాడు. శాంతాబాయి చాప మీదికి దిగింది.

మొదటి ఆదివారం అందరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుని మొదలుపెట్టాడు. కుక్కరు కూత పెట్టింది. వంట బంద్. శాంతాబాయి దగ్గింది. ఆమెను గ్యాలరీలోకి పంపాడు. ఖోలీల ముందు పొడుగ్గా ఉండే వరండానే మేం గ్యాలరీ అంటాం. ప్రతీక్ష "పప్పా, ఎందుకు ఒర్రుతున్నవ్?" అని అడిగింది. ఆమెనూ పంపాడు. మిగిలింది నీత. ఉలకక పలకక కూర్చుంది.

"నీతా, జర గాజులు తియ్యవా? సప్పుడు మైకుల వడుతుంది" అన్నాడు.

తీసి డబ్బాలో పెట్టింది. కాసేపటికి, "నీ ఊపిరి గూడ వినొస్తుంది" అన్నాడు. ఊపిరి తీసిపెట్టే డబ్బా ఇంట్లో లేదు కాబట్టి నీత తానే లేచి బయటికొచ్చింది.

అప్పటినుంచి ఆదివారం వస్తే నీత, ప్రతీక్ష మా ఖోలీలో ఉండేవాళ్ళు. నీత చీరలకు ఫాల్ కుడుతుంది, ఆ పని మా ఇంటికే తెచ్చుకునేది. శాంతాబాయి గ్యాలరీలో కూర్చుని వచ్చేపోయేవాళ్ళకు కొడుకు గురించి చెప్పుకునేది. లోపల 'మా ఇల్లు' తయారవుతుండేది.

మా చాల్‌లో పగటిపూట తలుపు వేయడం చిన్న విషయం కాదు. స్నానానికి వేస్తారు, అదీ బకెట్టులో నీళ్ళు అయిపోయేదాకానే. అంతకు మించి వేశారంటే లోపల ఎవరైనా పోయి ఉండాలి, లేదా మొగుడూ పెళ్ళాలు తన్నుకుంటూ ఉండాలి. ఈ తలుపు పొద్దున వేస్తే సాయంత్రం దాకా తీయరు. లోపలినుంచి మగగొంతు, "నువ్వు లేకుంటె ఈ గోడలు నన్ను తింటయే! తింటయే! తింటయే!" అని అరుస్తుంది. పెళ్ళాం చూస్తే బయట, బోసి చేతులతో.

ఒక ఆదివారం మూడో ఖోలీ అంజమ్మ ఆ చేతులు చూసింది. ఇంకేముంది, నిప్పు లేనిదే పొగ రాదన్నారు. మధ్యాహ్నానికి ఆ కబురు ఫోరస్ రోడ్డుకు చేరేసరికి వాళ్ళిద్దరూ మాట్లాడుకోవడం లేదు. పొద్దు గుంకేసరికి నాగ్‌పాడాలో విడాకుల కాగితాల మీద సంతకాలు కూడా అయిపోయాయి.

తరువాతి ఆదివారం బక్కయ్య వచ్చాడు. మా తెలుగువాళ్ళ సమాజం పెద్దమనిషి. పెళ్ళి కుదర్చడానికి ఆయనకెంత ఉత్సాహమో, ఎవరైనా విడిపోతున్నారంటే అంతకు రెట్టింపు. వెనకాల ఇద్దరిని వేసుకొచ్చి తలుపు బాదాడు. చెవులకు హెడ్‌ఫోన్లు ఉన్నాయి కాబట్టి లోపలివాడికి వినపడలేదు. తలుపు ఊడేలా ఉందనిపించినప్పుడు తీశాడు.

"అరే కాకా, రికార్డింగుల మస్తు టేకు ఖరాబ్ అయింది!" అన్నాడు.

గ్యాలరీలో కుర్చీలు వేశారు. చాల్ మొత్తం కఠడా కమ్మీలు పట్టుకుని నిలబడింది.

"ఏం రా, పెండ్లాం గాజులెందుకు తీపిచ్చినవ్?" అని అడిగాడు బక్కయ్య.

"మైకుల సప్పుడొస్తుందని కాకా."

జీవితంలో ఒక్కసారీ మైకు వదలని మనిషి కాబట్టి బక్కయ్యకు ఆ బాధ కొంత అర్థమైంది. శాంతాబాయికి కాలేదు. గాజులు తీయించింది కొడుకేనని ఆమెకు ఇప్పుడే తెలిసింది.

"ఓరి నీ నోట్ల మన్నువడ! మొగడు బత్కుండంగ ఆడిదాని చేతులు బోసిగ వెడ్తరా? నీకు నీవె పాడె కట్టుకుంటున్నవారా?" అని నెత్తి కొట్టుకుంది.

స్వప్నిల్ ముఖం చిన్నబోయింది. "మీరు ఒక్కసారి పాట ఇనుండ్రి. అండ్ల నీతనే ఉంది. అంత నీతనే" అంటూ పెద్ద స్పీకరు గ్యాలరీలోకి లాగాడు.

పాట మొదలైంది. గిటారు అడుగంటిన గిన్నె గీకినట్టు ఉంది గానీ, గొంతులో నిజంగానే ప్రేమ ఉంది, అబద్ధమెందుకు ఆడాలి. 'నీ గాజుల సప్పుడే మా ఇంటి పొద్దు, నీ నవ్వు వడితేనే నా చాయ్ తీపి' అని పాడాడు. చరణం చరణానికీ మధ్య గాజులు గలగలలాడాయి. ఆ పాటను నీత గోడ అడ్డం లేకుండా వినడం అదే మొదటిసారి.

"ఇవి ఎవలి గాజులు?" అంది.

బక్కయ్య కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు. ఇంతసేపటికి ఆయన పనికి తగ్గ విషయం దొరికింది. "చెప్పు రా, ఎవలామె?"

"ఎవలు లేరు కాకా! నెట్ల దొరికినయి. ఫ్రీ సౌండ్, మస్తు క్లీన్ ఉంటది."

నీత తన చేతులు చూసుకుంది. "నావి డబ్బల వెట్టిపిచ్చి, మొకం తెల్వనిదాని గాజులు తెచ్చి నా పాటల వెట్టినవా?"

కఠడా దగ్గర ఎవరూ నవ్వలేదు. నాకైతే ఒళ్ళు మండింది. తాగొచ్చి కొట్టే మొగుణ్ణి తిట్టడానికి మా చాల్‌లో అందరికీ మాటలు వచ్చు. ఇలాంటివాణ్ణి ఏమని తిట్టాలో ఎవరికీ నేర్పలేదు.

బక్కయ్య తీర్పు చెప్పేశాడు. "పాటలు బంద్. గిటారు నా ఇంట్ల వెట్టు."

అప్పుడు నీతే అడ్డుపడింది.

"బంద్ ఎందుకు కాకా? నాకు ఒక్క జవాబియ్యమను సాలు. నా నవ్వుతోని చాయ్ తీపైతదని వాడినవ్ గద. ఈ ఏడాదిల నీ ముంగట నేనెప్పుడు నవ్విన? ఒక్క దినం జెప్పు."

అతను ఆలోచించాడు. తలెత్తి కరెంటు తీగలు చూశాడు, దించి చెప్పులు చూశాడు. ఏ స్పీకరులో ఏ తీగ తెగిందో చప్పుడు విని చెప్పేవాడికి ఈ ఒక్కటీ దొరకలేదు. చివరికి నావైపు తిరిగాడు.

"మావ్‌షీ, నువ్వన్న జెప్పు. నీత నవ్వదా?"

ఊరుకుందామనుకున్నాను. ఊరుకోలేకపోయాను.

"నవ్వుతది బిడ్డా, ఎందుకు నవ్వదు? నువ్వు తలుపేసుకొని ఆమె నవ్వు మీద పాట గట్టిన ఐతారాలన్ని, మా ఇంట్ల కూసోని కడుపుబ్బ నవ్వింది. నీ బిడ్డ నీ లెక్కనే ఒర్రి సూపిస్తుంటె, కండ్లల్ల నీళ్ళొచ్చేదాంక నవ్వింది."

బక్కయ్య మెల్లగా లేచి, ఇది పంచాయతీలో తెగేది కాదని గొణిగి, తనవాళ్ళను తీసుకుని మెట్లు దిగాడు. జనం కూడా ఎవరి ఖోలీలోకి వాళ్ళు జారుకున్నారు. స్వప్నిల్ ఎవరినీ చూడకుండా లోపలికెళ్ళి, మైకు వైరు చుట్టడం మొదలుపెట్టాడు.

నీత గడప దగ్గర నిలబడింది. గది నిండా స్టాండ్లు, డబ్బాలు, తీగలు. కాలు పెట్టే చోటు లేదు.

"అది తర్వాత సుట్టు," అంది. "ముందుగాల నేను కూసునే జాగ చెయ్."