రొయ్యల మేత షాపులో కవయిత్రి

మా బావగారికి పాలకొల్లులో రొయ్యల మేత షాపు ఉంది. మేతతో పాటు చెరువుల్లో వేసే మందులు కూడా అమ్ముతారు. గుమ్మంలో అడుగు పెట్టగానే ఎండుచేపల వాసన ముక్కుకి కొడుతుంది. కాసేపు కూర్చుంటే చీరకు పట్టేస్తుంది, ఉతికినా ఒక పట్టాన వదలదు. ఆ బస్తాల మధ్య కూర్చునే ఆయన కొన్నేళ్ళపాటు వేల మంది చేత కన్నీళ్ళు పెట్టించారు. "నీ పరిమళం ఇంకా నా గది ఖాళీ చెయ్యలేదు" అనే వాక్యం ఆ కుర్చీలోనే పుట్టింది.

ఈ సంగతి మా అక్క కాక నాకొక్కదానికే తెలుసు. ఎందుకంటే ఆయనకు ఒత్తులు రావు. నేను హైస్కూల్లో తెలుగు చెబుతాను. రాసిన ప్రతిదీ ముందు నా ఫోన్‌కి పంపేవారు, నేను దిద్ది తిప్పి పంపేదాన్ని.

మొదట ఆయన నెట్‌లో పేజీ పెట్టింది షాపు కోసమే. మేత బస్తాల ఫొటోలు పెడితే ఎవరూ చూడలేదు. కరోనా రోజుల్లో షాపు తొందరగా మూసేయాల్సి వచ్చి, ఏమీ తోచక, చెరువు మీద వాన పడుతుంటే ఫొటో తీసి కింద రెండు ముక్కలు రాశారు. దాన్ని ఎవరెవరో పంచుకున్నారు. మేత సంగతి మాత్రం ఎవరూ అడగలేదు. దాంతో ఆయన ఇంకో పేజీ తెరిచి, దానికి ఒక పువ్వు పేరు పెట్టి, కిటికీ దగ్గర అటు తిరిగి కూర్చున్న అమ్మాయి బొమ్మ తగిలించారు. అందులో జడ తప్ప ఏమీ కనపడదు.

"అమ్మాయి బొమ్మెందుకండీ బావగారూ?" అని అడిగాను.

"నా బొమ్మ పెడితే ఎవరు చదువుతారమ్మా?" అన్నారు.

ఆ ఒక్క విషయంలో ఆయన లోకాన్ని సరిగ్గానే అంచనా వేశారు.

ఆయనకు పేరు తెచ్చిన కవిత ఇది:

నువ్వు వెళ్ళిపోయాక
వాన కూడా
తడవడం మానేసింది.

"వాన తడవడమేంటండీ? అది తడిపేది కదా," అన్నాను.

"అందుకేగా మానేసింది," అన్నారు.

ళ కింద ఒత్తు పెట్టి పంపేశాను. వారం తిరిగేసరికి ఆ మూడు పాదాలు మా స్టాఫ్ రూములో అందరి స్టేటస్‌లోనూ ఉన్నాయి. లెక్కల మేడం చదివి కళ్ళు తుడుచుకుంది. ఎవరో తండ్రిగారి వర్ధంతి ఫ్లెక్సీ మీద వేయించారు. మా పదో తరగతి పిల్ల ఒకతి వర్షాకాలం వ్యాసంలో "ఒక మహాకవి అన్నట్లు" అని మొదలుపెట్టి ఇదే దించేసింది. ఎర్ర పెన్ను పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. తప్పని కొట్టేస్తే నేను దిద్దిన ఒత్తుని నేనే కొట్టేసినట్టు.

కవిత కింద కామెంట్లు కుప్పలుగా పడేవి. 'అక్కా, మిమ్మల్ని వదిలేసినవాడు మనిషి కాదు', 'అక్కా, ధైర్యంగా ఉండండి'. జంగారెడ్డిగూడెం కుర్రాడొకడు, 'వాడి అడ్రస్ చెప్పండక్కా, మేం చూసుకుంటాం' అని పెట్టేవాడు. బావగారు అందరికీ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టేవారు.

మా అక్క ఇవన్నీ చదివి ఒకరోజు నా ఎదుటే అడిగింది.

"ఇంతకీ ఎవరండీ వెళ్ళిపోయింది?"

"ఎవరూ లేరే. ఊహ."

"పెళ్ళయిన దగ్గర్నుంచీ నేనిక్కడే ఉన్నాను కదా. ఉన్నవాళ్ళ మీద ఒక్కటీ రాయరేం?"

"ఉన్నవాళ్ళ మీద రాస్తే ఎవరూ షేర్ చెయ్యరే," అన్నారు బావగారు, వ్యాపారం సంగతి చెప్పినంత మామూలుగా.

నిజంగా వాన వచ్చినప్పుడు ఆయన డాబా ఎక్కి ఫొటోలు తీసుకునేవారు. పక్కనే తీగ మీద బట్టలు నానిపోతుండేవి. "మా ఇంట్లో తడవడం మానెయ్యనివి బట్టలొక్కటే," అనేది అక్క. నన్నడిగితే ఆ వాక్యం ఆయన కవితలన్నిటికన్నా బావుంది.

ఇలా ఉండగా నిడదవోలులో ఒక అమ్మాయి తయారైంది. రక్తపరీక్షల ల్యాబులో ఉద్యోగం. సాయంత్రాలు బావగారి కవితలు పైకి చదివి రీల్స్ పెట్టేది. గొంతు చాలా బావుంటుంది. మొదట్లో పేజీ పేరు చెప్పి చదివేది. తర్వాత చెప్పడం తగ్గింది. ఆ తర్వాత చూసేవాళ్ళే, "ఆ పేజీ మీదేనా అక్కా?" అని అడగడం మొదలుపెట్టారు. ఆ అమ్మాయి నవ్వు బొమ్మ పెట్టి ఊరుకునేది.

ఒకనాడు బావగారు ఫోన్ పట్టుకుని మా ఇంటికొచ్చారు. రాజమండ్రిలో ఏదో సాహిత్య సంఘంవారి ఆహ్వానం. ఇన్నాళ్ళూ ముఖం చూపని కవయిత్రికి తొలి సన్మానం అని ఉంది. కింద ఆ అమ్మాయి ఫొటో.

"ఇదేంటమ్మా, నేనిక్కడుంటే నాకక్కడ సన్మానం చేస్తున్నారు?" అన్నారు.

ఆ ఆదివారం ముగ్గురం కారులో వెళ్ళాం. అక్క చీరలు కొనుక్కోవచ్చని వచ్చింది. హాల్లో వెనక వరసలో కూర్చున్నాం. అధ్యక్షులవారు పెద్దాయన. "ఈ కవితలు స్త్రీ మాత్రమే రాయగలదు. ఈ తడి మగవాడి కలానికి రాదు," అన్నారు. నా పక్కన బావగారు కళ్ళజోడు తీశారు. కోపమొచ్చిందేమో, లేచి ఏమైనా అంటారేమో అని భయపడ్డాను. కోపం కాదు, కళ్ళు చెమర్చాయి. ఇన్నాళ్ళకు ఆయన్ని ఒకరు అర్థం చేసుకున్నారు.

తర్వాత ఆ అమ్మాయి వాన కవిత చదివింది. నేను కాదనలేను, ఆ గొంతులో అది నిజంగా కవిత్వంలాగే ఉంది. అందరికన్నా ముందు చప్పట్లు కొట్టింది బావగారే.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఆమెను ఆపారు.

"అమ్మా, ఆ కవితలు నావి."

ఆ అమ్మాయి ఆయన్ని ఎగాదిగా చూసింది. బెదరలేదు. "మీవాండీ? చాలా బావుంటాయండి," అంది.

"మరి నీవని చెప్పావేంటి?"

"నేను చెప్పలేదండి, వాళ్ళే అన్నారు. శాలువా కప్పుతుంటే ఆపి, నావి కాదండీ అనమంటారా? పెద్దవాళ్ళు చిన్నబుచ్చుకోరూ?"

బావగారు పక్కకు జరిగి ఆమెకు దారిచ్చారు. తాను ఆడపిల్లనని ఆయనా ఎన్నడూ చెప్పలేదు మరి, జడ బొమ్మ పెట్టి ఊరుకున్నారు.

తిరుగు ప్రయాణంలో సిద్ధాంతం దగ్గర గోదావరి బ్రిడ్జి ఎక్కాం. దాటాక బావగారు, "రేపు నా ఫొటో పెట్టేస్తాను," అన్నారు. అక్క ఒళ్ళో చీరల సంచి సర్దుకుంటూ, "ఆ తెల్ల చొక్కా వేసుకోండి," అంది.

మర్నాడు తెల్ల చొక్కాతో, మేత బస్తాల ముందు నిలబడి ఫొటో దిగారు. 'ఈ పేజీ నాదే. ఈ కవితలన్నీ నావే' అని పెట్టారు. ముందు కాసేపు ఏ అలికిడీ లేదు. ఆ తర్వాత మొదలైంది. 'అంకుల్, అక్క ఫోన్ మీ దగ్గరికెలా వచ్చింది?' 'పేజీ హ్యాక్ అయింది, అందరూ రిపోర్ట్ కొట్టండి.' 'అక్కకి ఏమైనా అయితే ఊరుకోం.' జంగారెడ్డిగూడెం కుర్రాడు ఫొటోలో బోర్డు మీది నంబరు చూసి షాపుకే ఫోన్ చేశాడు. "మా అక్కని వదిలేసింది నువ్వేనా?" అని అడిగాడట. ఇన్ని వేలమందిలో ఆయన మాట నమ్మినవాళ్ళు లేరు గానీ, మేత బస్తా రేటెంత అని మాత్రం ఇద్దరు అడిగారు.

సాయంత్రానికి ఫొటో తీసేశారు. తర్వాత చాలా రోజులు ఏమీ రాయలేదు. అప్పుడొకసారి పప్పులో ఉప్పు తగ్గిందన్నారట. "తింటున్నదేంటో తెలుస్తోందే ఈయనకి," అని అక్క నాకు ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆమె గొంతులో అంత సంబరం నేనెప్పుడూ వినలేదు.

ఆ సంబరం ఎన్నాళ్ళో నిలవలేదు. ఆ అమ్మాయి నిడదవోలు నుంచి వెతుక్కుంటూ షాపుకి వచ్చింది. ఏదో పని మీద వెళ్ళి నేనూ అక్కడే ఉన్నాను. ముక్కు మూసుకోకుండా స్టూలు మీద కూర్చుంది.

"కొత్తది ఎప్పుడని అందరూ నన్నడుగుతున్నారండి. మీరు రాయండి, నేను చదువుతాను. సభలకీ నేనే వెళ్తాను."

"పేరు?" అన్నారు బావగారు.

"ఆ పువ్వు పేరేనండి. అది మీదీ కాదు, నాదీ కాదు కదా."

బావగారు బిల్లుల పుస్తకం మూశారు. "చివర్లో గొంతు అంత వణికించక్కర్లేదమ్మా," అన్నారు.

"వణికిస్తేనే చూస్తారండి," అంది ఆ అమ్మాయి.

ఆయన సరేనన్నారు. సరుకు ఒకరిదీ, అమ్మకం ఇంకొకరిదీ అనే ఏర్పాటు ఆయనకు కొత్త కాదు.

పుస్తకం కూడా వచ్చింది. అట్ట మీద ఆ అమ్మాయి ఫొటో. ధన్యవాదాల పేజీలో చివరి వరసలో 'మేత వ్యాపారి, సాహిత్యాభిమాని' అని మా బావగారు. ఆవిష్కరణ పాలకొల్లులోనే ఒక కల్యాణమండపంలో జరిగింది. స్థానిక తెలుగు ఉపాధ్యాయిని కాబట్టి నన్నూ వేదిక ఎక్కించి, 'ఈ కవితల్లో స్త్రీ వేదన' మీద మాట్లాడమన్నారు. నాలుగు మాటలతో ముగిద్దామనుకుని లేచాను. మైకు చేతికొచ్చాక ఆగలేకపోయాను. వాన తడవకపోవడంలో తరతరాల స్త్రీ మౌనం ఉందన్నాను. చప్పట్లు పడ్డాయి. అధ్యక్షులవారు నా వైపు వంగి, "అద్భుతమండి," అన్నారు. మొదటి వరసలో అక్క నన్నే చూస్తోంది. నేను అటు చూడలేదు.

భోజనాల దగ్గర బావగారు నా పక్కకొచ్చారు.

"చాలా బాగా చెప్పావమ్మా. అందులో అంత ఉందని నాకే తెలీదు. వచ్చే పుస్తకానికి ముందుమాట నువ్వే రాయాలి."

"అంత టైము ఎక్కడిదండీ," అన్నాను.

"నీ ఫొటో కూడా వేయిస్తాను."

ఒప్పుకున్నాను. ఏ ఫొటో ఇవ్వాలా అని ఆలోచిస్తున్నాను.